కేయూలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది: హాస్టలా, రూమా, రోజూ అప్ డౌనా?

హుజూరాబాద్_పిల్ల

అన్నలకు, అక్కలకు నమస్తే. పీజీ ఎంట్రన్స్ సీపీగెట్ మొదటి విడతలోనే నాకు కాకతీయ యూనివర్సిటీ క్యాంపస్‌లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ సీటు వచ్చింది. సంతోషం రెండు రోజులే, మూడో రోజు నుంచి ఇంట్లో ఒకటే లొల్లి, ఎక్కడ ఉండాలని. మాది హుజూరాబాద్ దగ్గర ఊరు. మా నాయిన ఏమంటాడంటే, ఆడపిల్లలకు బస్సు ఫ్రీ కదా, పొద్దున పోయి సాయంత్రం రా, కిరాయి ఎందుకు దండగ అని. అమ్మేమో హాస్టల్లో వేయమంటుంది. నాతో డిగ్రీ చదివిన ఇద్దరికి కూడా ఇక్కడే సీట్లు వచ్చాయి, వాళ్లు గోపాల్‌పూర్ వైపు రూమ్ తీసుకుని ముగ్గురం వండుకుందాం అంటున్నారు. నయీంనగర్‌లో ఒక ప్రైవేటు లేడీస్ హాస్టల్‌కు ఫోన్ చేస్తే నెలకు 5,500, అడ్వాన్స్ 3,000 అన్నారు. హన్మకొండకు నేను వేయి స్తంభాల గుడికి, బట్టల షాపులకు తప్ప ఎప్పుడూ రాలేదు. నెలకు 6,000 దాటితే మా ఇంట్లో కష్టం. కేయూలో చదివినవాళ్లు ఎవరైనా చెప్పండి.

రైలు_బాపతు

చెల్లె, నేను జమ్మికుంట నుంచి కాజీపేటకు రెండేళ్లు రైల్లో తిరిగి పీజీ చేశాను కాబట్టి చెప్తున్నా, ల్యాబ్ ఉన్న కోర్సుకు అప్ డౌన్ నడవదు. నాది ఎమ్మే, ఏదో నెట్టుకొచ్చాను. నీ లెక్క నువ్వే వేసుకో: ఊరి నుంచి హుజూరాబాద్‌కు ఆటో, అక్కడ బస్సు కోసం నిలబడటం, కేయూసీ జంక్షన్ దాకా గంట, దిగి డిపార్ట్‌మెంట్ దాకా నడక, మళ్లీ సాయంత్రం ఇదంతా తిరగేసి. రోజుకు నాలుగు గంటలు ఎటూ పోతాయి. మొదటి నెల బస్సులో చదువుకుంటా అనుకుంటావు, రెండో నెల నుంచి బస్సెక్కగానే నిద్రపోతావు. నేను రైల్లో నిద్రపోయి ఒకసారి వరంగల్ స్టేషన్ దాటి పోయాను, అది వేరే కథ.

ఇంకోటి, స్కాలర్‌షిప్‌కు 75 శాతం హాజరు కావాలి. పొద్దున మొదటి క్లాసు వారంలో రెండుసార్లు పోతే అది ఎక్కడ తేలుతుందో చూసుకో.

పరకాల_బస్సు

అందరికీ అట్లా ఉండదు అన్నా. నేను పరకాల నుంచి రోజూ వచ్చి ఎమ్మే తెలుగు చేస్తున్నా, నాకు మూడేళ్ల బాబు ఉన్నాడు, రూమ్ తీసుకునే ముచ్చటే లేదు. 2023 డిసెంబరులో ఫ్రీ బస్సు రాకపోయి ఉంటే నేను పీజీలో చేరేదాన్నే కాదు, ఇది మాత్రం గట్టిగా చెప్తా. పాసు డబ్బులు అత్తను అడగాల్సి వచ్చేది.

కానీ చెల్లె, ఫ్రీ అనేది పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలోనే. డీలక్స్ వస్తే వదిలేయాలి, లేదంటే టికెట్ కొనాలి. ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకోవాలి, ఫోన్లో ఫోటో చూపిస్తే కొందరు కండక్టర్లు ఒప్పుకోరు, కార్డు బ్యాగులోనే పడేసుకో. సీటు దొరకదు, అది కూడా తెలుసుకో. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతర అప్పుడైతే బస్సులన్నీ అటు పోయాయి, మేం బస్టాండులో నిలబడి నిలబడి ఇంటికి పోయాం. రోజూ వచ్చేవాళ్లకు ఇట్లాంటివి ఏడాదికి నాలుగైదు పడతాయి.

కేయూసీ_చాయ్

పీహెచ్‌డీ చేస్తున్నా, ఎనిమిదేళ్ల నుంచి ఈ చుట్టుపక్కలే ఐదు రూములు మారాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిక ఉంటే చదువు.

ముందు అలాట్‌మెంట్ ఆర్డర్ మళ్లీ చూసుకో. క్యాంపస్ కాలేజీనా, సుబేదారి కాలేజీనా? రెండూ కాకతీయవే, పేర్లు కూడా దగ్గర దగ్గరగా ఉంటాయి. నా జూనియర్ ఒకడు గోపాల్‌పూర్‌లో రూమ్ తీసుకుని, అడ్వాన్స్ ఇచ్చి, సామాను దించాక క్లాసులు సుబేదారిలో అని తెలుసుకున్నాడు. సుబేదారి అయితే బాలసముద్రం, నక్కలగుట్ట, అదాలత్ వైపు చూడాలి, అక్కడ కిరాయిలు ఎక్కువ. క్యాంపస్ అయితే విద్యారణ్యపురి, గోపాల్‌పూర్, నయీంనగర్, కిషన్‌పుర, ఇటు కరీంనగర్ రోడ్డు మీద భీమారం. భీమారంలో కొంచెం తక్కువకు దొరుకుతాయి, నీ ఊరి బస్సు కూడా ఆ రోడ్డు మీదనే పోతుంది, కానీ రాత్రి ల్యాబ్ నుంచి నడిచి పోలేవు.

మగపిల్లలకు ఫస్ట్ గేటా, సెకండ్ గేటా అన్నది పెద్ద తేడా కాదు. నీకు తేడానే. నీ డిపార్ట్‌మెంట్‌కు ఏ గేటు దగ్గరో, ఆ గేటు దగ్గర రాత్రి ఎనిమిదింటికి ఎన్ని షాపులు తెరిచి ఉన్నాయో చూసుకుని రూమ్ వెతుకు. అందరూ పగలు పదకొండింటికి వచ్చి రూమ్ చూసి పోతారు. పగలు ఏ గల్లీ అయినా మంచిగనే కనిపిస్తుంది.

ఇక రూమ్ అంటే కిరాయి ఒక్కటే కాదు. ఓనర్‌ను అడగాల్సింది నీళ్ల గురించి. బోరా, మున్సిపల్ నల్లానా, ఎండాకాలం బోరు ఎండితే ట్యాంకర్ డబ్బులు ఎవరివి? మే నెలలో సెమిస్టర్ పరీక్షలు పెట్టుకుని, బకెట్లు పట్టుకుని పక్కింటి సంపు దగ్గర నిలబడిన రోజులు నాకున్నాయి. ఆ ఇంటి కిరాయి మిగతావాటికంటే 500 తక్కువ, ఎందుకు తక్కువో ఏప్రిల్‌లో అర్థమైంది. కరెంటు కూడా అడుగు, సబ్ మీటర్ ఉందా, యూనిట్‌కు ఎంత తీసుకుంటారు అని. అన్ని రూములకు ఒకటే మీటర్ అయితే 200 యూనిట్లు దాటుడు ఖాయం, స్లాబ్ మారి ఆ బరువంతా మీ మీదనే.

పై అంతస్తులో రేకుల రూమ్ మాత్రం వద్దు. 1,000 తక్కువ అని ఆశపడకు. వరంగల్ ఎండ సంగతి నీకు చెప్పాలా. ఎండ ఒక ఎత్తు, కోతులు ఒక ఎత్తు. రేకుల మీద కోతులు దుంకుతుంటే థియరీ పేపర్ చదువుడు ఎట్లుంటదో అనుభవించినోడికే తెలుసు. ఆరేసిన బట్టలు, కిటికీ దగ్గర పెట్టిన టమాటాలు, ఏదీ ఉంచవు. ఒకసారి నా హాల్ టికెట్ ఉన్న కవర్ ఎత్తుకుపోయింది, అందులో అరటిపండు ఉంది మరి.

హాస్టల్_పప్పు

ప్రైవేట్ హాస్టల్ సంగతి నన్ను అడుగు. ఒకటిన్నర ఏడాది ఉన్నా, పేరు చెప్పను. చూడటానికి పోయినప్పుడు ఆదివారం, చికెన్ వాసన, మూడు మంచాల రూమ్. చేరాక నెలకు నాలుగో మంచం వచ్చింది, రెండు నెలలకు ఐదోది. బాత్రూములు మాత్రం అవే రెండు. పప్పులో పప్పు కోసం వెతుక్కోవాలి, అందుకే ఈ పేరు పెట్టుకున్నా. ఖాళీ చేస్తా అంటే నెల ముందు చెప్పలేదని అడ్వాన్స్ తిరిగి ఇవ్వలేదు. చెప్పినట్టు నా దగ్గర కాగితం ఉందా? లేదు, నోటి మాటే.

అందుకే చెల్లె, అడ్వాన్స్ ఇస్తే రసీదు తీసుకో, ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఎంత కోస్తారు అన్నది దాని మీదే రాయించుకో. మొహమాట పడకు. లోపలికి పోయి అక్కడి అమ్మాయిలతో మాట్లాడు, వార్డెన్ పక్కన లేనప్పుడు. రాత్రి గేటు ఎన్నింటికి వేస్తారో అడుగు, మా దగ్గర ఎనిమిదికి వేసేవాళ్లు. ల్యాబ్ లేటయిన రోజు గేటు బయట నిలబడి ఫోన్ చేస్తుంటే, మా ఇంట్లోవాళ్లకు ఫోన్ చేసి మీ అమ్మాయి ఇంకా రాలేదని చెప్పారు. ఇంట్లో ఎంత టెన్షన్ పడ్డారో.

ఒక్క మంచి మాట కూడా చెప్పాలి. జ్వరం వచ్చి మూడు రోజులు లేవలేకపోతే ఆ ఐదో మంచం అమ్మాయే నాకు గంజి కాచి పెట్టింది. ఇప్పటికీ మా సోపతి ఉంది.

నాన్‌బోర్డర్_2014

ఎవరూ యూనివర్సిటీ హాస్టల్ గురించి రాయరేంది? తమ్ముళ్లూ చెల్లెళ్లూ, సీటు వస్తే కళ్లకద్దుకుని తీసుకోండి. క్యాంపస్ లోపల ఉంటే లైబ్రరీ దగ్గర, డిపార్ట్‌మెంట్ దగ్గర, సీనియర్లు దగ్గర. పోటీ పరీక్షల పుస్తకాలు సగం వాళ్ల దగ్గరే దొరుకుతాయి. మెస్ బిల్లు నెల ఖర్చు మొత్తాన్ని తిన్నవాళ్ల మీద పంచుతారు, స్కాలర్‌షిప్ వస్తే అందులో జమ చేసుకుంటారు. బయట 5,500 కట్టే బాధ తప్పుతుంది.

నా పేరు చూసి నవ్వుతున్నారేమో, అవును, నేను నాన్ బోర్డర్‌నే. హాస్టల్ కార్డు నా సోపతిగానిది, మంచం ఇద్దరిది. డిగ్రీ అయ్యాక ఊరికి పోతే పొలం పనులకు పంపుతారని, ఇక్కడ ఉండి గ్రూప్స్‌కు చదివాను. యూనివర్సిటీ హాస్టళ్లలో ఇది పాత అలవాటే. ఇప్పుడు మాస్టారునయ్యాను కాబట్టి గొప్పగా చెప్తున్నా గానీ, నిజమైన విద్యార్థికి దక్కాల్సిన చోటు నేను తిన్నాను, అది కూడా నిజం.

కేయూసీ_చాయ్

అన్నా, మీరు ఆ ముక్క ఒప్పుకున్నందుకు థాంక్స్. కానీ మీ బ్యాచ్ చోటు ఆక్రమించినందుకే కదా మేం బయట రేకుల కింద ఉన్నది 😀

నాన్‌బోర్డర్_2014

తమ్మీ, చాయ్ తాగిపిస్తా, కేయూసీకి వచ్చినప్పుడు. దావత్ అడగకు.

నిట్_ఎంటెక్

మాకు ఈ బాధే లేదు, వరంగల్ నిట్‌లో ఎంటెక్ వాళ్లం హాస్టల్లోనే ఉంటాం, ఏ బ్లాకు, ఏ మెస్ అన్నదే గొడవ. 1959లో నెహ్రూ పునాదిరాయి వేసిన రోజుల్లో కాజీపేట రోడ్డు చుట్టూ చెట్లూ పుట్టలే అని మా సారు చెప్పేవారు, ఇప్పుడు గేటు బయట అడుగు పెడితే టిఫిన్ సెంటర్లే. హాస్టల్ ఉంటే హాస్టల్‌కే నా ఓటు.

ఎంజీఎం_నైట్‌డ్యూటీ

మెడికల్ పీజీ. మాకు ఒక్కటే సూత్రం, ఎంజీఎం హాస్పిటల్ నుంచి నడిచిపోయేంత దూరం. హంటర్ రోడ్డులో మంచి అపార్ట్‌మెంట్ తీసుకుని ఆర్నెల్లు ఉన్నా, నైట్ డ్యూటీ దిగి బండి నడుపుతుంటే కళ్లు మూతలు పడేవి. ఇప్పుడు హాస్పిటల్ వెనక చిన్న పోర్షన్, గోడలకు చెమ్మ, అయినా పదిహేను నిమిషాల్లో మంచం మీద ఉంటా. మీ ల్యాబ్ వాళ్లకూ అంతే అనుకుంటా.

ఇంటి_ఓనర్_నయీంనగర్

అందరూ ఓనర్లను తిడుతున్నారు కాబట్టి రాస్తున్నాను. రిటైర్డ్ టీచర్‌ను. పైన రెండు రూములు పిల్లలకే ఇస్తాను, ఇరవై ఏళ్ల నుంచి. ఎనిమిదింటికే గేటు వేయను, కానీ పదకొండింటికి పై నుంచి డప్పు పాటలు వస్తే మాత్రం కింద నుంచి అరుస్తాను, మా ఇంటాయనకు షుగరు, బీపీ. కిరాయి మూడు నెలలు ఆపి, తాళం వేసి పోయినవాళ్లూ ఉన్నారు. అయినా మళ్లీ పిల్లలకే ఇస్తాను, ఫ్యామిలీలకు ఇస్తే ఖాళీ చేయించడం ఇంకా కష్టం.

బిడ్డా, నువ్వు నయీంనగర్ అన్నావు కాబట్టి ఒకటి చెప్తాను. నాలాకు ఎంత దూరమో అడుగు. వడ్డేపల్లి చెరువు మత్తడి పడితే ఆ నీళ్లు ఈ నాలాలోకే వస్తాయి. 2020 ఆగస్టులో మా గల్లీలో మోకాలి లోతు, 2023 జులైలో అంతకంటే ఎక్కువ. కరీంనగర్ రోడ్డే మునిగింది, నీ హుజూరాబాద్ బస్సు ఎక్కడ వస్తుంది? ఇప్పుడు పాత బ్రిడ్జి తీసేసి కొత్తది కట్టారు, నాలా వెడల్పు చేశారు. అయినా గ్రౌండ్ ఫ్లోర్ తీసుకునేటట్టయితే గోడ మీద నీటి గుర్తులు చూడు. కొత్త సున్నం వేసి ఉంటే పక్కింటివాళ్లను అడుగు, వాళ్లు దాచరు.

పరకాల_బస్సు

టీచరమ్మా, ఒకటి అడగొచ్చా? ఓనర్లు కిరాయి చెప్పకముందే "మీరేమోళ్లు బిడ్డా?" అని ఎందుకు అడుగుతారు? నాకు పెళ్లికాకముందు ఇక్కడ రూమ్ వెతికితే మూడు ఇళ్లలో అదే మొదటి మాట. చెప్పినాక "మొన్ననే వేరేవాళ్లకు మాట ఇచ్చినం" అన్నారు. టూలెట్ బోర్డు మాత్రం నెల తర్వాత కూడా అట్లే ఉంది.

ఇంటి_ఓనర్_నయీంనగర్

ఉంది అమ్మా. లేదని నేను అనను. మా వీధిలోనే ఉంది. ఇరవై ఏళ్ల కింద నేను కూడా అడిగేదాన్ని, మా అత్తగారి కోసం. ఇప్పుడు అడగను. నీచు వండుతారా అని మాత్రం అడుగుతాను, అది కూడా మానాలేమో.

హాస్టల్_పప్పు

టీచర్ గారూ, కరెంటు సంగతి కూడా చెప్పండి మరి. కొందరి ఇళ్లలో గృహజ్యోతి కింద జీరో బిల్లు వస్తుంది, మా దగ్గర మాత్రం మనిషికి 300 చొప్పున వసూలు చేస్తారు.

ఇంటి_ఓనర్_నయీంనగర్

నాకు తెల్ల రేషన్ కార్డు లేదమ్మా, పెన్షన్ వస్తుంది కదా, నాకు ఆ పథకమే లేదు. సబ్ మీటర్ పెట్టాను, బిల్లు చూపించి తీసుకుంటాను. జీరో బిల్లు వచ్చినవాళ్లు వసూలు చేస్తే అది తప్పే. బిల్లు కాగితం చూపించమని అడగండి, అడగడానికి భయం ఎందుకు.

కేయూసీ_చాయ్

కిరాయికి ఉండేవాళ్లకు కూడా గృహజ్యోతి ఇస్తారు, కానీ మన రేషన్ కార్డు ఊళ్లో నాయిన మీటర్‌కు పెట్టేసి ఉంటుంది. విద్యార్థులకు ఆ దారి ఉన్నా లేనట్టే.

హుజూరాబాద్_పిల్లా, ఇంకో రెండు ముక్కలు మర్చిపోయా. ఈపాస్ వెబ్‌సైట్‌లో స్కాలర్‌షిప్ దరఖాస్తు చేసేటప్పుడు డే స్కాలరా, కాలేజీ హాస్టలా అని అడుగుతుంది, దాన్ని బట్టే మెయింటెనెన్స్ డబ్బులు మారతాయి. ఎక్కడ ఉండాలో తేలకముందే తొందరపడి నింపకు. రెండోది, బీసీ, ఎస్సీ, ఎస్టీ సంక్షేమ శాఖల కాలేజీ హాస్టళ్లు హన్మకొండలో ఉన్నాయి, పీజీ వాళ్లు కూడా ఉంటారు. అన్నీ క్యాంపస్‌కు దగ్గర కాదు, కానీ చేతి నుంచి పెట్టేది చాలా తక్కువ. ఆఫీసుకు పోయి ఖాళీలు అడిగితే పోయేదేం లేదు.

హుజూరాబాద్_పిల్ల

అందరికీ చాలా థాంక్స్. నాలుగు రోజులు జవాబు ఇవ్వలేదు, ఏమీ అనుకోవద్దు, నాయినను తీసుకుని వచ్చి చూసి పోయాం. అలాట్‌మెంట్ ఆర్డర్ చూశా, క్యాంపస్ కాలేజీనే.

చాయ్ అన్న చెప్పినట్టు కావాలనే సాయంత్రం వచ్చాం. బస్సులో నాయినకు సీటు దొరకలేదు, ఎల్కతుర్తి దాకా నిలబడ్డాడు, ఆయనకు టికెట్ కూడా పడింది. దిగినాక "రోజూ ఇట్లనేనా" అన్నాడు, అంతే, అప్ డౌన్ మాట మళ్లీ ఎత్తలేదు.

డిపార్ట్‌మెంట్‌లో సీనియర్ అక్కలు కలిశారు. ప్రాక్టికల్స్ సాయంత్రం దాకా ఉంటాయి, రెండో ఏడాది ప్రాజెక్టు అప్పుడు ఇంకా లేటవుతుందట. యూనివర్సిటీ హాస్టల్‌కు దరఖాస్తు పెట్టుకోమన్నారు, కౌన్సెలింగ్ విడతలన్నీ అయ్యాక ఇస్తారు కాబట్టి అప్పటిదాకా బయట చూసుకోవాలట.

నయీంనగర్ హాస్టల్ చూశాం. అడ్వాన్స్ మీద రసీదు అడిగితే "మా దగ్గర అట్లాంటివి ఉండవు" అన్నారు. నాయిన చెప్పులు వేసుకున్నాడు. గోపాల్‌పూర్‌లో మూడు రూములు చూశాం. ఒకటి రేకులది, మెట్ల మీదనే రెండు కోతులు కూర్చుని ఉన్నాయి, పైకి కూడా పోలేదు. రెండోది మంచిగుంది కానీ ఓనర్ ఆ ప్రశ్నే అడిగాడు, పరకాల అక్కా. నాయిన చెప్పాడు, ఆయన నీళ్లు తక్కువ అన్నాడు.

మూడోది వంద ఫీట్ల రోడ్డు నుంచి లోపలికి రెండో గల్లీ, మొదటి అంతస్తు, ఒక రూమ్, వంటగది, బాత్రూమ్ విడిగా. 7,500, ముగ్గురికి తలా 2,500. నల్లా ఉంది, బోరు ఉంది, సబ్ మీటర్ ఉంది. నేను ట్యాంకర్ సంగతి అడిగితే ఓనర్ పెద్దమ్మ నవ్వి, "ఎవరు నేర్పిండ్రు బిడ్డా నీకు" అంది. ఆమె పుట్టిల్లు సైదాపూర్ దగ్గర, మా నాయినకు వాళ్ల తమ్ముడు తెలుసు. ఇక ఇద్దరూ గంటసేపు పత్తి ధరల మీద మాట్లాడుకున్నారు, నేను గల్లీ చివర దాకా నడిచి వచ్చా. ఎనిమిదిన్నరకు కర్రీ పాయింట్, మెడికల్ షాపు, జిరాక్స్ షాపు తెరిచి ఉన్నాయి, వీధి లైట్లు నాలుగింటిలో మూడు వెలుగుతున్నాయి. ఒక నెల అడ్వాన్స్ ఇచ్చి, నోటు పుస్తకం కాగితం మీద రాయించుకున్నాం.

యూనివర్సిటీ హాస్టల్ వస్తే అప్పుడు పోవాలా వద్దా ఇంకా అనుకోలేదు. నేను ఒక్కదాన్ని పోతే మిగతా ఇద్దరికి కిరాయి 3,750 అవుతుంది, ముందే మాట్లాడుకోండి అని అమ్మ అంటోంది.

రైలు_బాపతు

అమ్మ మాట రైటు. రూమ్ సోపతులు చెడేది కిరాయి దగ్గర, గిన్నెలు ఎవరు తోమాలి అన్న దగ్గర. ఎవరికి హాస్టల్ వచ్చినా నెల ముందు చెప్పాలి, లేదంటే ఇంకో మనిషిని తెచ్చి పెట్టాలి, ఇట్లా ముగ్గురూ ఇప్పుడే అనుకోండి.

ఇంటి_ఓనర్_నయీంనగర్

సంతోషం బిడ్డా. పైలంగా ఉండు. ఆ నాలుగో లైటు సంగతి మున్సిపాలిటీ వాళ్లకు ఓ ఫోన్ చేయండి, మీ పెద్దమ్మతో చేయిస్తే ఇంకా తొందరగా అవుతుంది.

హాస్టల్_పప్పు

చెల్లె, మేం ఇక్కడ ఖాళీ చేసి వచ్చే నెల హైదరాబాద్ పోతున్నాం. 5 కిలోల సిలిండర్, స్టవ్, కుక్కర్ ఉన్నాయి. కుక్కర్ విజిల్ కొంచెం లీకు, అయినా పప్పు మంచిగ ఉడుకుతుంది. ఊరి నుంచి మోసుకురాకు, కిషన్‌పురకు వచ్చి తీసుకుపో, డబ్బులేం వద్దు.

హుజూరాబాద్_పిల్ల

అక్కా, ఆదివారం వస్తా. బకెట్లు కూడా ఉన్నాయా?